చేదు నెయ్యికి బేరం

డాక్టరు దగ్గర బేరమాడి గెలిచిన మనిషి ఉప్పల్‌లో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. మూడు నెలల మందును నలభై రోజులకు దించాను. పదకొండు పథ్యాలను నాలుగుకు తెచ్చాను. ఎదుటి మనిషి ఒక్కసారి కూడా ముఖం చిట్లించకుండా, నవ్వుతూ నవ్విస్తూ సాధించాను. ఆ రోజు నాచారం నుంచి రింగురోడ్డు దాకా సెవెన్ సీటర్ ఆటోలో, అంచు మీద సగం సీట్లో వేలాడుతూ కూడా, ఎన్నికల్లో గెలిచినదానిలా తలెత్తుకుని వచ్చాను. నా జీవితంలో చేసిన బేరాలన్నిటిలోకీ అది గొప్పది. అంత గొప్పగా మళ్ళీ ఎన్నడూ నష్టపోలేదు.

ఇదంతా మొన్న ఒక బట్టల షోరూములో గుర్తొచ్చింది. నడి ఎండాకాలం, ఉప్పల్ మెట్రో స్టేషను దగ్గర. ఏసీ చెడిపోయి పనివాళ్ళందరూ అట్టముక్కలతో విసురుకుంటున్నారు. నాకు గుడ్డలు చూపిస్తున్న అమ్మాయి మాత్రం వేళ్ళ దాకా దిగిన పొడుగు చేతుల డ్రెస్సు వేసుకుంది. థాను విప్పుతున్నప్పుడు చేతుల అంచు పైకి జరగకుండా బొటనవేలితో నొక్కి పట్టుకుంటోంది. ఆ పట్టు నాకు బాగా తెలుసు. ఏమీ అనకుండా నా ఎడమ మోచెయ్యి తిప్పి చూపించాను. అక్కడ వెండి పొట్టు లేచే ఎర్రటి మచ్చ ఒకటి ఉంటుంది. ఆ పిల్ల దాన్ని చూసింది, నన్ను చూసింది, మేనేజరు ఎటున్నాడో చూసింది.

"మీకు సుత ఉందా అక్కా?"

"ఒకప్పుడు చేతుల నిండ ఉండె."

"మరి ఎట్ల తగ్గింది? మస్తు పైసలైనయా?"

అంతలో మేనేజరు ఇటే వచ్చాడు. పిల్ల గబగబా థాను మడిచింది. నేను దుకాణదారుల ఇంట్లో పుట్టినదాన్ని. రేటు అడిగిన మనిషికి చెప్పకుండా వచ్చేయడం అదే మొదటిసారి. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి కౌంటరు మీద పెడితే దానికి కలిసే జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాలు తీసి ఇవ్వడం మా పని. రింగురోడ్డు నుంచి రామంతాపూర్ వైపు పోయే రోడ్డు మీద ఒక షట్టరు. తర్వాత రోడ్డు వెడల్పులో అది పోయింది. ఇప్పుడు మా కౌంటరు ఉన్న జాగా మీదుగా బస్సులు తిరుగుతున్నాయి. అప్పట్లో లోపల అడుగుపెడితే కొత్త గుడ్డల గంజి వాసన, మూలల్లో వేసిన కలరా ఉండల వాసన. మెట్టు మీద మిషను పెట్టుకుని చీరలకు ఫాలు కుట్టే పీకో అక్క దగ్గర జర్దా పాన్ వాసన. మూడు గోడలకూ నేల నుంచి కప్పు దాకా రంగులే. ఒక్క ఎరుపులోనే ఎన్ని రకాలో నాకు నిద్రలో అడిగినా వచ్చేవి.

బాపు నల్లగొండ వైపు నుంచి వచ్చి, ఇంకొకరి దుకాణంలో ఏళ్ళ తరబడి జీతానికి చేసి, సొంతంగా పెట్టుకున్నాడు. ఆయనకు ఒక పద్ధతి ఉండేది. లోపల లైటు కింద రంగు కుదిరిందని ఎప్పుడూ అనేవాడు కాదు. చీర కొంగునూ గుడ్డ ముక్కనూ పట్టుకుని బయట మెట్టు మీదికి వచ్చి, ఎండలో రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసేవాడు.

"ట్యూబ్‌లైటు కింద అన్ని రంగులు కలుస్తయి బిడ్డా. ఎండల పెడితేనే ఎర్కైతది."

ఎండలో నచ్చితే అప్పుడు ఒక్క మాట అనేవాడు. "కలిసింది." ఆ మాట పడ్డాక కత్తెర పడేది.

ఆయన కుర్చీ వెనక, ఇక్కడ బేరాల్లేవన్నట్టు, "ఏక్ దామ్" అని బోర్డు ఉండేది. దాని కింద షట్టరు తీసింది మొదలు దించేదాకా బేరాలే. ఆ బోర్డు ఎందుకు బాపూ అని అడిగితే, "అది లేకుంటే మొదాలే సగం కాడికెళ్ళి అడుగుతరు" అన్నాడు. నేను అక్కడ పెరిగాను. పదేళ్ళకే కూరగాయల బండి దగ్గర కొసరు మీద కొసరు తెచ్చేదాన్ని. బండి ఆయన నన్ను దూరం నుంచి చూస్తే కొత్తిమీరను గోనెసంచి కింద దాచేవాడు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో మోచేతుల మీద మొదలైంది. ఎర్రటి మచ్చలు, మీద తెల్లటి పొట్టు. అమ్మ తామర అంది. పక్కింటావిడ బోరు నీళ్ళన్నది. పెద్ద దవాఖానాలో చర్మం డాక్టరు ఒక్క చూపుకే పేరు చెప్పాడు. సోరియాసిస్. ఒకరి నుంచి ఒకరికి అంటదు, పురాగా పోదు, అదుపులో పెట్టుకోవాలి అన్నాడు. మందు రాసి, ఎన్ని రోజులు రాయాలో చెప్పి, నెలకు మళ్ళీ రమ్మన్నాడు. ఆయన తప్పేమీ లేదు. పది రోజులకు కొంచెం తగ్గగానే, ఆ క్యూలో మళ్ళీ ఎవరు నిలబడతారని నేనే పోలేదు. మెడికల్ షాపులో ఎవరో చెప్పిన ట్యూబు కొన్నాను. అది రాస్తే మచ్చలు వారానికి మాయం. ఆపితే రెండింతలు. అలా మూడు ట్యూబులు. మూడో ట్యూబు అయ్యేసరికి వేళ్ళ కణుపుల మీదికి, జుట్టు అంచుల్లోకి వచ్చింది.

కౌంటరు మీద పని అంతా చేతులతోనే. ఒకసారి దగ్గర్లోని బడి టీచరమ్మ నల్ల వెల్వెట్ అడిగింది. మా పాత గిరాకీ, ఏటా పండుగలకు వచ్చేది. థాను విప్పి మీటరు కడ్డీతో కొలుస్తున్నాను. నల్లటి గుడ్డ మీద నా వేళ్ళ నుంచి తెల్లటి పొట్టు రాలింది. ఆమె చూసింది. నేనూ చూశాను. దులపడానికి చెయ్యి కదిపితే ఇంకా రాలింది.

ఆమె కసరలేదు. కసిరినా బాగుండేది. తన చీరను మెల్లగా తనవైపు లాక్కుని బాపుతో, "అన్నా, జర మీరు కొలువున్రి" అంది.

ఆ సాయంత్రం బాపు నా వైపు చూడకుండా, గుడ్డలు మడుస్తూ చెప్పాడు. "బిడ్డా, కొన్ని దినాలు లోపటి గదిల కూసో. కట్ పీసులు సర్దుడు చానా ఉంది."

"మరి బతుకమ్మకు?"

మాకు ఏడాది సంపాదనంతా ఆ తొమ్మిది రోజుల చుట్టూనే.

"అప్పటికి చేతులు మంచిగైతే నీ జాగ నీదే. గాకపోతే జీతం మనిషిని పెట్టాలె. సీజన్ల నేనొక్కన్ని తట్టుకోలేను."

జీతం మనిషి ఒకసారి కౌంటరు వెనక నిలబడ్డాడంటే మళ్ళీ ఆ జాగా ఖాళీ కాదని నాకు తెలుసు. బాపు కూడా ఒకప్పుడు అలా నిలబడ్డవాడే. ఇంజనీరింగు, డాక్టరీ అని తోటి పిల్లలు ఏవేవో అనుకునే వయసులో నాకు కావలసింది ఆ మూడడుగుల జాగా ఒక్కటే.

లోపలి గదికి కిటికీ లేదు. మిగిలిపోయిన గుడ్డ ముక్కలను రంగుల వారీగా సర్దుతూ కూర్చునేదాన్ని. బయట ఎవరైనా రంగు కుదరక వెళ్ళిపోతుంటే, "ఎడమ గోడ, కింది నుంచి నాలుగోది చూడు బాపూ" అని లోపలి నుంచి అరిచేదాన్ని. గిరాకీలు ఆ గొంతు ఎక్కడిదని చూసేవాళ్ళు.

పీకో అక్కే దారి చూపింది. "నాచారంల ఒక డాక్టరమ్మ ఉన్నది. సర్కారు ఆయుర్వేదం దవాఖానల చేసి రిటైరైంది. మా మరిది కాళ్ళకు గిట్లనే ఉండె. తిండి బందు జేస్తది గని మనిషి మంచిది."

"ఫీజు ఎంత?"

"ముందుగాల రోగం జూపియ్యవే. రేటు తర్వాత."

డాక్టరమ్మ ఇల్లు నాచారం ఫ్యాక్టరీల వెనక గల్లీలో ఉండేది. గాలి ఇటు వీస్తే బిస్కెట్లు కాలుతున్న వాసన, అటు వీస్తే రసాయనాల ఘాటు. ఆమె వాకిట్లోకి వెళ్తే ఆ రెండూ పోయి వేపనూనె, నెయ్యి, ఎండిన చెక్కల వాసన వచ్చేది. తెల్లటి జుట్టు, దారంతో మెడకు కట్టుకున్న కళ్ళద్దాలు. గోదావరి వైపు మనిషి. నా చేతులు పట్టుకుని, గదిలో లైటు ఉన్నా సరే, వరండాలోకి లాక్కొచ్చింది.

"లోపల చూస్తే అన్ని మచ్చలూ ఒకేలా కనిపిస్తాయమ్మా. వెలుగులోకి రా."

నేను నోరు తెరిచాను. మా బాపు మాట ఈవిడకెవరు చెప్పారు?

దవాఖానా కాగితం అడిగి చదివింది. "దీన్ని పారేయకు. పూర్తిగా పోతుందని ఆయనా అనలేదు, నేనూ అనను. నీ చేతులు నీకు పనికొచ్చేలా చేద్దాం. కీళ్ళ నొప్పులొచ్చినా, ఒళ్ళంతా ఎర్రబడినా నా దగ్గరికి కాదు, ముందు ఆయన దగ్గరికే పరిగెత్తాలి. తెలిసిందా?"

తర్వాత మందు చెప్పింది. పొద్దున్నే పరగడుపున చేదు మూలికలతో కాచిన నెయ్యి. తాగడానికి చండ్ర చెక్క వేసి మరిగించిన నీళ్ళు. పాలకొడిశ ఆకును కొబ్బరినూనెలో నానబెట్టి, ఆ నూనె పట్టించుకుని లేత ఎండలో పావుగంట. మధ్యలో ఒకరోజు ఆమె దగ్గరే కడుపు శుభ్రం చేసే మందు. మొత్తం మూడు నెలలు. ఆపైన వద్దన్నవన్నీ వరసగా కాగితం మీద రాసింది. పెరుగు, వంకాయ, గోంగూర, చింతపండు, ఊరగాయ, చేపలు, బజ్జీలు, బేకరీ సరుకు, పగటి నిద్ర, రాత్రి మేలుకోవడం, గోకడం.

కాగితం మీద వరసగా రాసి చేతికిస్తే మా ఇంట్లో దాన్ని కొటేషన్ అంటాం.

"మూడు నెలలు ఎక్కువైతది డాక్టరమ్మా. జర సూస్కోని చెప్పున్రి."

ఆమె కళ్ళద్దాలు తీసింది. "ఎంతకిమ్మంటావు?"

"నెల."

"నెలకు రాదమ్మా."

"మీ మాట గాదు, నా మాట గాదు. నలభై రోజులు."

"సరే."

అక్కడే నేను ఆగాల్సింది. ఒక్క మాటకు ఒప్పుకున్నారంటే ఎక్కడో ఏదో కోశారన్నమాట అని బాపు నాకు వందసార్లు చెప్పాడు. కానీ గెలుస్తున్నప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

"పెరుగో?" అంది ఆమె.

"పెరుగు లేకుంటే నాకు ముద్ద దిగదు. వారానికి మూడు రోజులన్న ఉండాలె."

"సరే. వంకాయ?"

"వంకాయ ఏం జేసిందమ్మా? తీసెయ్యున్రి."

"తీసేశాను. చేపలు?"

నేను గట్టిగా నిట్టూర్చాను. కొంతసేపు నేల చూశాను. "మీరు గింతగనం చెప్తున్నరు గావట్టి చేపలు ఇడిసిపెడత."

మా ఇంట్లో చేపలు తినేవాళ్ళే లేరు.

పగటి నిద్ర కూడా అంతే బరువుగా వదులుకున్నాను. దుకాణం ఇంట్లో పగలు ఎవరు పడుకుంటారు? అలా నాలుగు మిగిలాయి. చేపలు, పగటి నిద్ర, బేకరీ, గోకడం. నేను కొట్టేయించిన ప్రతిదాన్నీ డాక్టరమ్మ ఇంకో చీటీ మీద రాసుకుని, మడిచి, ఒక జాడీ కింద పెట్టింది. ఎందుకని అడగలేదు. ఆటో దొరికింది.

చేదు నెయ్యి గురించి చెప్పాలి. చూడటానికి పాచి రంగు. గోరువెచ్చగా చేసి మింగితే చేదు నాలుక మీద ఆగదు, చెవుల వెనక్కి పోతుంది. పైగా నెయ్యి కాబట్టి పోదు. వారం తాగాను. ఎనిమిదో రోజు అమ్మ వంటింట్లో ఉండగా ఆ చెంచాడు నెయ్యిని దేవుడి గూట్లో దీపంలో పోశాను. నెయ్యి నెయ్యే కదా అనుకున్నాను. పది నిమిషాల్లో ఇల్లంతా కాలిన వేప వాసన, పొగ. అమ్మ దీపం దగ్గర నిలబడి వాసన చూసి, నా వైపు తిరిగింది.

"దేవునికి గూడ మందు తాపినవా ఏందే? ఆయనకేం రోగమొచ్చింది?"

ఆ రోజు నుంచి నేను మింగి నోరు తెరిచి చూపిస్తే తప్ప అమ్మ కదిలేది కాదు.

నూనె మాత్రం నాకు నచ్చింది. గాజు సీసాలో పాలకొడిశ ఆకులు వేసి, కొబ్బరినూనె పోసి, డాబా పిట్టగోడ మీద ఎండలో పెట్టాం. నాలుగు రోజులకు తెల్లటి నూనె రంగు తిరగడం మొదలైంది. ఏం రంగది? వంకాయ కన్నా ఎరుపు, నేరేడు కన్నా నీలం. నేను లోపలి గదిలోని ముక్కలన్నీ డాబా మీదికి మోసి సీసా పక్కన పెట్టి చూశాను. ఒక్కటీ కుదరలేదు. బాపును పిలిచాను. షట్టరు తీసే వేళ మించిపోతున్నా ఆయన కూడా గుడ్డ ముక్కలు పట్టుకుని సీసా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఈ షేడు ఫ్యాక్టరోల్లు సుత తియ్యలేరు బిడ్డా" అని లేచాడు.

ఆ తర్వాత లోపలి గదిలో అన్నిటికన్నా అడుగున, ఎవరూ కొనక దుమ్ముపట్టిన ఒక పాత థాను దొరికింది. ఎండలోకి తీసి సీసా పక్కన పెట్టాను. కలిసింది. దాన్ని తుడిచి, "నూనె రంగు" అని చీటీ గుచ్చి పక్కన పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

నలభై రోజులయ్యాయి. కణుపుల మీద ఎరుపు సగం తగ్గింది. సగం తగ్గడమంటే నా లెక్కలో గెలుపే. నెయ్యి ఆపేశాను. ఆ సాయంత్రమే పీకో అక్కతో కలిసి మిరపకాయ బజ్జీలు తిన్నాను. "బేరం జేస్తే నీ లెక్క జెయ్యాలె" అని అక్క మెచ్చుకుంది.

వానలు పడ్డాయి. శ్రావణం రాకముందే మచ్చలు తిరిగొచ్చాయి. ఈసారి అరచేతుల అంచుల దాకా. ఒకరోజు బాపు ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. "పోరడు మంచోడైతే సాలు. పండుగ మొదటి దినం కాడికెళ్ళి రమ్మను." నేను లోపలి గదిలో ఉన్నాను. నా చేతిలో గుడ్డ ముక్క ఉంది. దాని రంగేమిటో ఆ క్షణంలో నాకు తెలియలేదు.

మర్నాడు బందు. తెలంగాణ కోసం ఊళ్ళో వారానికొక బందు జరుగుతున్న రోజులవి. ఆటోలు లేవు, బస్సులు లేవు, షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచాను. ఖాళీ రోడ్ల మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. డాక్టరమ్మ గేటు దగ్గరే నన్ను చూసింది.

"బందు రోజు ఎలా వచ్చావమ్మా?"

"నడుసుకుంట వచ్చిన."

ఆమె నా చేతులు చూడలేదు. లోపలికి వెళ్ళి జాడీ కింద నుంచి చీటీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవి నువ్వు తగ్గించినవి. వంకాయ, గోంగూర, చింతపండు, ఊరగాయ, బజ్జీలు, రాత్రి మేలుకోవడం, వారానికి మూడు రోజుల పెరుగు, యాభై రోజుల మందు. అన్నీ నేనిచ్చాను. కానీ తల్లీ, ఆ బేరం నువ్వు నాతో చేశావు. నీ ఒంటితో చెయ్యలేదు. దాని రేటు అది మార్చుకోలేదు."

"మరి మీరెందుకు ఒప్పుకున్నరు?"

"కాదంటే ఆ మెడికల్ షాపు ట్యూబు దగ్గరికే పోతావని. సగమైనా చేస్తావు, ఆ సగం చాలదని నీ ఒళ్ళే నీకు చెబుతుందని. అది నా బేరం."

నాకన్నా గట్టి మనిషి చేతిలో ఓడిపోయానని తెలిసినప్పుడు మా ఇళ్ళల్లో ఏడవరు, నవ్వుతారు. నేను రెండూ చేశాను. తర్వాత అన్నాను.

"ఈసారి ఏక్ దామ్, డాక్టరమ్మా."

"అంటే?"

"ఒకటే ధర. మీరు చెప్పిందే."

"మూడు నెలలు, మళ్ళీ మొదటి నుంచి. నీ పండక్కి పూర్తి కాదు మరి."

"కానియ్యున్రి."

ఆమె మొదట రాసిన కాగితం తీసి, ఒక్క అక్షరం మార్చకుండా నా చేతికిచ్చింది.

ఆ మూడు నెలలు మా ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ చింతపండు డబ్బా అటక మీదికి ఎక్కించింది. బీరకాయ, పొట్లకాయ, సొరకాయ, పెసరపప్పు, మళ్ళీ బీరకాయ. "ఇగ సొరకాయే నిన్ను జూసి భయపడుతది" అనేది పీకో అక్క. మామూలుగా మేం రాత్రి దుకాణం మూశాక పదిన్నరకు తినేవాళ్ళం. ఇప్పుడు అమ్మ ఏడింటికే గిన్నె పట్టుకొచ్చి లోపలి గదిలో నాకు పెట్టేది. తొమ్మిదికి పడుకోవాలి, అయిదింటికి లేవాలి. రామంతాపూర్ చెరువు దాకా నడక, నెయ్యి, నూనె, ఎండ, స్నానం, కాలేజీ. గోకాలనిపిస్తే రెండు చేతులూ కట్టుకుని ఎరుపులో రకాలు మొదటి నుంచీ లెక్కపెట్టేదాన్ని. పరీక్షల దిగులుతో మచ్చలు లేస్తాయని డాక్టరమ్మ చెబితే నమ్మలేదు. యూనిట్ టెస్టు వారం నా మోచేతులు నమ్మించాయి. కడుపు శుభ్రం చేసే మందు తాగిన ఆ ఒక్కరోజు గురించి రాయను. పీకో అక్క మాత్రం ఏళ్ళ తరబడి చెప్పుకుంది.

ఇంట్లో పెరుగు తోడుపెట్టడమే మానేశారు. పెరుగన్నం లేనిదే లేవని బాపు కూడా నోరెత్తలేదు. ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వస్తూ చూస్తే, రింగురోడ్డు దగ్గర టిఫిన్ సెంటర్‌లో గోడవైపు తిరిగి కూర్చుని పెరుగు వడ తింటున్నాడు. నన్ను చూసి చెంచా దించాడు, దొంగతనంలో దొరికినవాడిలా.

"ఇంట్ల ఎందుకు తింటలేవు బాపూ?"

"నీ ముంగట తినబుద్ధి గాలే బిడ్డా."

నేను ఎదురుగా కూర్చుని ఆయన వడ మొత్తం తినేదాకా లేవలేదు. లోపలి గదిలో కూర్చోబెట్టాడని నాకు ఆయన మీదున్న కోపం ఆ ప్లేటుతో పాటే ఖాళీ అయింది.

మచ్చలు ఒక్కసారి పోలేదు. ముందు పొట్టు సన్నబడింది. తర్వాత అంచులు పలచబడ్డాయి. కణుపుల మీద మామూలు చర్మం, చాకలికి వేసి తెచ్చిన పాత గుడ్డలా వెలిసిపోయి, మెల్లగా పైకి తేలింది.

బతుకమ్మ మొదటి రోజు పొద్దున. జీతం అబ్బాయి తొమ్మిదింటికి వస్తాడు. రోడ్డు మీద తంగేడు పూల మూటలు దిగుతున్నాయి. బాపు షట్టరు ఎత్తి, లోపలికి పోతున్న నన్ను పిలిచాడు. అదే నల్ల వెల్వెట్ థాను తీసుకుని బయట మెట్టు మీదికి వచ్చాడు. ఎండలో గుడ్డ పరిచాడు.

"చెయ్యి పెట్టు."

పెట్టాను. ఆయన నా కణుపులను తన బొటనవేలితో గట్టిగా రుద్దాడు. తిప్పి అటువైపు రుద్దాడు. రెండో చెయ్యి. వంగి గుడ్డ మీద చూశాడు. నల్లటి గుడ్డ నల్లగానే ఉంది. పీకో అక్క మిషను ఆపేసింది.

బాపు నడుము ఎత్తలేదు. గుడ్డను చూస్తూనే అన్నాడు.

"కలిసింది."

ఫోను తీసి, "పోరన్ని రావద్దను. నా బిడ్డ ఉన్నది" అని పెట్టేశాడు.

ఆ రోజు పొట్టి చేతుల జాకెట్ వేసుకుని కౌంటరు వెనక నిలబడ్డాను. మోచేతుల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. ఉండనీ అనుకున్నాను, కొలిచేది వేళ్ళే. పొద్దున మొదలై రాత్రి దాకా ఎన్ని మీటర్లు చింపానో తెలియదు. గొంతు పోయింది, సంతోషం పోలేదు.

నాలుగో రోజు టీచరమ్మ వచ్చింది. ఎవరో పెట్టిన పట్టుచీర తెచ్చింది. "కోటీ దాక తిరిగిన. ఏడ కలుస్తలేదు. మీ దగ్గర ఉండదని ఎర్కనే, అయినా అడుగుదమని వచ్చిన." నేను చీర మడత విప్పాను. వంకాయ కన్నా ఎరుపు, నేరేడు కన్నా నీలం. నాకు నవ్వు ఆగలేదు. లోపలి గదికి వెళ్ళి, చీటీ పీకేసి, ఆ థాను తెచ్చి, ఆమెను మెట్టు మీదికి పిలిచి ఎండలో పక్కన పెట్టాను.

టీచరమ్మ కొంచెంసేపు గుడ్డను చూసింది. తర్వాత నా వేళ్ళను చూసింది. "కొలువమ్మా" అంది.

కొలిచాను. రేటు చెప్పాను. పాత థాను కదా, తగ్గించమంది.

నేను వెనక బోర్డు చూపించాను. మా దుకాణంలో ఆ బోర్డు మాట నెగ్గింది ఆ ఒక్కసారే. ఆమె పూర్తి డబ్బులిచ్చి, వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి, తన చెల్లెలికి కూడా తలలో ఇలాగే ఉందని, ఎక్కడ చూపించానని అడిగింది. నాచారం అడ్రసు బిల్లు వెనక రాసిచ్చాను. "అక్కడ బేరం మాత్రం జెయ్యకున్రి" అని చెప్పాను.

మూడు నెలలు నిండాక డాక్టరమ్మ చివరి బిల్లు రాసి చేతికిచ్చింది. అలవాటుగా నా నోరు తెరుచుకుంది. ఆమె కళ్ళద్దాలు తీసి ఎదురుచూసింది. నేను నోరు మూసుకుని డబ్బులు తీశాను. డాక్టరమ్మ ఇప్పుడు లేదు. ఆ గల్లీలో బిస్కెట్ల వాసన కూడా లేదు.

ఇక షోరూములో పిల్ల అడిగిన రేటు. అమ్మా, ఇదీ లెక్క. డాక్టరమ్మ ఫీజు, నెయ్యి, చెక్క, కొబ్బరినూనె కలిపి మా బాపు రెండు మంచి చీరలకు పెట్టేంత. అది తక్కువే. నూనె మరకలు పడి పాడైన దిండు గలేబులు మూడు, పక్కదుప్పట్లు రెండు. నా తెలివికి ఖర్చయిన నలభై రోజులు, దాని వెనక వచ్చిన వానాకాలమంతా. ఒక శ్రావణం, ఒక బతుకమ్మ, ఒక దీపావళి, పులుపు లేకుండా. మా బాపు ఇంట్లో తినని పెరుగన్నం ఎన్ని పూటలో నేను లెక్కపెట్టలేదు, ఆయన చెప్పలేదు. వంకాయ నాకిప్పటికీ పడదు. తొమ్మిదింటి నిద్ర ఇప్పటికీ వాయిదాల్లా కడుతున్నాను. రెండేళ్ళకోసారి, ఎక్కువ దిగులుపడిన ఏడాది, మచ్చలు మళ్ళీ వచ్చి బాకీ అడుగుతాయి. చర్మం డాక్టరు దగ్గరికీ పోతాను, నూనె సీసా డాబా మీదికీ ఎక్కిస్తాను. క్యూలో నిలబడటం నేర్చుకున్నాను. అందరికీ ఇదే రేటు పడుతుందని నేను చెప్పలేను. నాకు పడింది ఇది.

వచ్చింది రెండు చేతులు.

తగ్గింపు ఏమీ లేదు. మిగిలింది ఒకే ఒక్క కట్ పీసు, ఎడమ మోచేతి మీద, రూపాయి బిళ్ళంత.